హైదరాబాద్ చూడ్డానికి వస్తున్నారా? రోజుకో దిక్కు పట్టండి

వేసవి సెలవులు ఇచ్చారంటే చాలు, మా ఇంట్లో పరుపులు మేడ మీద ఎండకి పడతాయి. చుట్టాలు దిగుతున్నారన్నమాట. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై ఏళ్ళుగా ఉంటున్నాం కాబట్టి ఊరి నుంచి ఎవరొచ్చినా ముందు మా గుమ్మమే తొక్కుతారు. చేతిలో ఒక చీటీ ఉంటుంది. మనుషులు మారతారు గానీ చీటీలో పేర్లు మారవు: చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్, జూ, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్, ఫిల్మ్ సిటీ, కేబుల్ బ్రిడ్జి, ఆఖర్న బిర్యానీ. "రెండ్రోజులు చాలవూ?" అంటారు.

మా చిన్నమామయ్య అలాగే అన్నారు. పొద్దున్నే ఫిల్మ్ సిటీకి వెళ్ళారు. మధ్యాహ్నం భోజనం కాగానే గోల్కొండ కూడా చూసేద్దామని క్యాబ్ మాట్లాడుకున్నారు. ఫిల్మ్ సిటీ ఊరికి తూర్పున, హయత్‌నగర్ దాటాక. గోల్కొండ పడమర. మధ్యలో ఊరు ఊరంతా ఉంది. కోట దగ్గరికి చేరేసరికి టికెట్లు ఇవ్వడం ఆపేశారు. అటు ఫిల్మ్ సిటీ సగమే చూశారు, ఇటు కోట గోడ బయటి నుంచి చూశారు, క్యాబ్ డబ్బులు మాత్రం పూర్తిగా ఇచ్చారు.

అప్పట్నుంచి మా ఇంట్లో ఒక రూలు పెట్టాను. రోజుకో దిక్కు. పొద్దున ఏ దిక్కుకి వెళ్ళారో రాత్రి పడుకోవడానికి వచ్చేదాకా ఆ దిక్కులోనే తిరగాలి. ఈ ఊళ్ళో పన్నెండు కిలోమీటర్లు పొద్దున ఆరింటికి అరగంట, సాయంత్రం ఆరింటికి గంటన్నర. మీ ఊళ్ళో లెక్క ఇక్కడ పనికిరాదు. కింద చెప్పేదంతా ఆ రూలు చుట్టూ తిరిగేదే.

మొదటి పని: క్యాలెండర్ తియ్యండి

టికెట్లు బుక్ చేసే ముందు తేదీ కాదు, వారం చూడండి. సాలార్‌జంగ్ మ్యూజియానికీ చౌమహల్లా ప్యాలెస్‌కీ శుక్రవారం సెలవు. జూపార్కుకి సోమవారం సెలవు. శుక్రవారం పొద్దున్నే తలంట్లు పోసుకుని పాతబస్తీకి తయారైపోయిన చుట్టాల్ని నేను చాలామందినే చూశాను. శుక్రవారం మధ్యాహ్నం మక్కా మసీదు చుట్టుపక్కల నమాజుకి వచ్చేవాళ్ళతో కిటకిటలాడుతుంది కూడా. ఆదివారం సాయంత్రమైతే చార్మినార్ దగ్గర ఇసక వేస్తే రాలదు. నన్నడిగితే మంగళ, బుధ, గురువారాలు శ్రేష్ఠం. వారాంతం తప్ప కుదరదంటే శనివారం పాతబస్తీ పెట్టుకుని, ఆదివారం పెందలాడే గోల్కొండ ఎక్కేయండి.

నెలల సంగతికొస్తే, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లిలో నుమాయిష్, అంటే పెద్ద ఎగ్జిబిషన్, కూడా ఉంటుంది. పిల్లలుంటే ఒక సాయంత్రం దానికి రాసి పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో వస్తే పదకొండు నుంచి నాలుగు దాకా నీడపట్టున ఉండే ప్లాను వేసుకోండి. రంజాన్ నెలలో పాతబస్తీ రాత్రంతా మేలుకునే ఉంటుంది, హలీం ఘుమఘుమలు రోడ్డు మీదికే వస్తాయి. రద్దీ భరించగలిగితే అది చూడాల్సిన సంబరం. వినాయక నిమజ్జనం రోజున మాత్రం ఊళ్ళో ప్రయాణం పెట్టుకోకండి. ఆ రోజు రైలు పట్టుకోవాలని పెట్టెలతో రోడ్డెక్కిన వాళ్ళ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

రెండో పని: ఎక్కడ దిగాలో ఊళ్ళోనే తేల్చుకోండి

చాలామంది పొరపాటు ఇక్కడే. "హైదరాబాద్" అని టికెట్ తీసుకుని ఆఖరి స్టాపు దాకా కూర్చుంటారు. మీరు వచ్చే వైపుని బట్టి ముందే దిగిపోతే గంట కలిసొస్తుంది.

విజయవాడ, సూర్యాపేట, నల్గొండ వైపు నుంచి బస్సులో వస్తున్నారా? ఎల్బీనగర్‌లో దిగండి. మెట్రో ఎరుపు లైను మొదలయ్యేది అక్కడే కాబట్టి సామాన్లతో వచ్చినా కూర్చోవడానికి సీటు దొరుకుతుంది. వరంగల్ వైపు నుంచి అయితే ఉప్పల్‌లో దిగండి, అక్కడ నీలం లైను. కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళకి జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) ఉంది, అక్కడా మెట్రో ఉంది. కర్నూలు, మహబూబ్‌నగర్ నుంచి వచ్చేవాళ్ళు మాత్రం కదలకుండా ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దాకా వచ్చేయడమే మేలు. దారిలో ఆరాంఘర్‌లో దిగితే మెట్రో లేదు, ఆటోవాళ్ళతో బేరమే మిగులుతుంది. ఎంజీబీఎస్‌ని పాతవాళ్ళు ఇమ్లీబన్ అంటారు. రెండూ ఒకటే, కంగారు పడకండి.

రైలైతే టికెట్ మీద స్టేషన్ పేరు రెండుసార్లు చదవండి. "హైదరాబాద్ డెక్కన్" అంటే నాంపల్లి. దాని పక్కనే మెట్రో స్టేషన్ ఉంది. సికింద్రాబాద్‌లో దిగితే "సికింద్రాబాద్ ఈస్ట్" అన్న మెట్రో స్టేషన్ కోసం అడగండి. కాకినాడ, విశాఖ వైపు నుంచి వచ్చే కొన్ని బళ్ళు సికింద్రాబాద్‌లో ఆగిపోకుండా లింగంపల్లి దాకా పోతాయి. మీ వాళ్ళ ఇల్లు మియాపూర్, చందానగర్ వైపైతే అక్కడిదాకా కూర్చోండి. ఇక కొత్తగా చర్లపల్లి ఉంది. 2025 జనవరిలో పెద్ద టెర్మినల్‌గా ప్రారంభించి కొన్ని రైళ్ళని అక్కడికి మార్చారు. స్టేషన్ అద్దంలా ఉంది గానీ ఊరికి దూరం, మెట్రో లేదు. మీ బండి అక్కడ ఆగేదైతే, ఊళ్ళోకి రావడానికి ఇంకో గంట పైన చేర్చుకుని లెక్క వేసుకోండి.

విమానంలో వచ్చేవాళ్ళకి ఒక్కమాట: శంషాబాద్‌కి మెట్రో లేదు. ఆర్టీసీ వాళ్ళ పుష్పక్ ఏసీ బస్సులు ఊళ్ళోని పలు వైపులకి ఉంటాయి. ఒకరిద్దరే ఉంటే క్యాబ్ కంటే అవే చవక.

మూడో పని: బస మెట్రో పక్కన చూసుకోండి

చుట్టాలిల్లు లేకపోతే లక్డీకాపూల్, ఖైరతాబాద్, అమీర్‌పేట మధ్యలో ఎక్కడైనా చూడండి. ఎరుపు లైను మీద ఉంటారు, అన్ని దిక్కులకీ మధ్యలో ఉంటారు. ఆన్‌లైన్‌లో ఫొటోలు బాగున్నాయని కొండాపూర్‌లో రూం తీసుకుంటే రోజూ పాతబస్తీకి రాకపోకలతోనే సరిపోతుంది. బుక్ చేసేటప్పుడు పేరు సరిగ్గా చూడండి: బేగంపేట వేరు, బేగంబజార్ వేరు. మొదటిది పాత విమానాశ్రయం ఉన్న చోటు, రెండోది స్టీలు సామాన్లు, డ్రైఫ్రూట్స్ హోల్‌సేల్‌గా అమ్మే ఇరుకు సందులు.

లాడ్జిలో రూం అడిగేటప్పుడు "24 గంటల లెక్కా, మధ్యాహ్నం పన్నెండు లెక్కా?" అని తప్పకుండా అడగండి. తెల్లవారుజామున రైలు దిగేవాళ్ళకి ఈ ఒక్క ప్రశ్నతో ఒక రోజు అద్దె మిగిలే అవకాశం ఉంది. ఆధార్ ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి.

నాలుగో పని: తిరగడం నేర్చుకోండి

మెట్రోకి మూడు లైన్లు. ఎరుపు: మియాపూర్ నుంచి ఎల్బీనగర్. నీలం: నాగోల్ నుంచి రాయదుర్గం. ఆకుపచ్చ: జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్. ఎరుపూ నీలమూ అమీర్‌పేటలో కలుస్తాయి, ఎరుపూ ఆకుపచ్చా ఎంజీబీఎస్‌లో, నీలమూ ఆకుపచ్చా పరేడ్ గ్రౌండ్స్‌లో. ఇంత తెలిస్తే చాలు. అమీర్‌పేటలో మారేటప్పుడు జనం తోసుకుంటూ పోతుంటారు, వాళ్ళ వెనకాల పరిగెత్తకండి. వాళ్ళు ఎటు పోతున్నారో మనకేం తెలుసు? గోడ పక్కకి జరిగి బోర్డు చదువుకుని, "మియాపూర్ వైపా, ఎల్బీనగర్ వైపా" అని తేల్చుకుని కదలండి. రైల్లో స్టేషన్ల పేర్లు తెలుగులో కూడా చెబుతారు. టికెట్ కౌంటర్‌లో తీసుకోవచ్చు, వాట్సాప్‌లో కూడా వస్తుంది. పిల్లలున్నవాళ్ళు ఎవరి ఫోన్లో టికెట్ ఉందో వాళ్ళ దగ్గరే అందరూ ఉండండి. మొన్న మా మరదలు టికెట్లన్నీ తన ఫోన్లో పెట్టుకుని తను మాత్రం ముందే గేటు దాటేసింది. మిగతా నలుగురూ ఇవతల, ఫోను అవతల.

సిటీ బస్సులో తెలంగాణ ఆడవాళ్ళకి టికెట్ లేదు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్ ఇస్తున్నారు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. ఆంధ్ర నుంచి వచ్చే అక్కచెల్లెళ్ళు ఆధార్ చూపించి కండక్టర్‌తో వాదన పెట్టుకోవద్దు, అది మీకు వర్తించదు. టికెట్ తీసుకోండి. అన్నట్టు బస్సులో ముందు భాగం ఆడవాళ్ళది. మగవాళ్ళు ఖాళీగా ఉంది కదా అని అక్కడ కూర్చుంటే వెంటనే ఎవరో ఒకరు లేపుతారు.

ఆటో. మీటరు ఉంటుంది, తిరగదు. నేను చేసే పద్ధతి చెబుతాను: ముందు ఫోన్లో ఓలానో ఊబరో రాపిడోనో తెరిచి రేటు ఎంత చూపిస్తుందో చూస్తాను. ఆ అంకె మనసులో పెట్టుకుని రోడ్డు మీద ఆటో అతన్ని అడుగుతాను. ఇరవై, ముప్ఫై అటూ ఇటూ అయితే ఎక్కేస్తాను, లేదంటే ఫోనే. ఎక్కక ముందే మాట్లాడుకోవాలి. దిగాక మాట్లాడితే మన మాట చెల్లదు. చినుకు పడిందంటే ఏ రేటూ పనిచేయదు, దగ్గర్లో ఉన్న హోటల్లోకి దూరి చాయ్ చెప్పండి. అరగంటలో సగం టెన్షన్ తగ్గుతుంది.

దారి అడిగేటప్పుడు వీధి పేర్లు చెప్పి లాభం లేదు. ఇక్కడ చౌరస్తా, కమాన్ (వీధి మీద కట్టిన తోరణం), గల్లీ, పిల్లర్ నంబర్ అనే నాలుగు మాటల మీద ఊరు నడుస్తుంది. మెట్రో స్తంభాల మీదా మెహదీపట్నం ఫ్లైఓవర్ స్తంభాల మీదా నంబర్లు ఉంటాయి. "ఫలానా పిల్లర్ దగ్గర దిగి ఫోన్ చెయ్" అనడం ఇక్కడ చిరునామా. ఎవరైనా "గీడనే ఉంది, సక్కగ పో" అంటే సంతోషించకండి, ఆ "గీడనే" రెండు కిలోమీటర్లు ఉండొచ్చు. పాతబస్తీ హిందీలో "పర్సోఁ" కూడా అంతే. మొన్న జరిగినదీ పర్సోఁనే, పదేళ్ళ కిందట జరిగినదీ పర్సోఁనే. "హౌ" అంటే అవును, "నక్కో" అంటే వద్దు, "కైకు" అంటే ఎందుకు. ఈ మూడూ వస్తే బేరానికి చాలు. రాకపోయినా ఫర్వాలేదు, పాతబస్తీ దుకాణదారుల్లో చాలామంది తెలుగులో మాట్లాడతారు.

ఒకటో రోజు: పాతబస్తీ

ఎంజీబీఎస్ మెట్రోలో దిగండి. చార్మినార్‌కి మెట్రో లేదు, ఇదే దగ్గర. అక్కడి నుంచి ఆటోలో గానీ నడిచి గానీ నయాపూల్ మీదుగా మూసీ దాటండి. 1908 సెప్టెంబర్‌లో ఊరిని ముంచేసిన మూసీ ఇదే. ఆ దెబ్బ తర్వాతే ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. ఇప్పుడు వంతెన మీద ముక్కు మూసుకుని దాటాల్సి వస్తుంది.

చాలామంది నేరుగా చార్మినార్‌కి పోతారు. పోకండి. ముందు సాలార్‌జంగ్ మ్యూజియం, పది గంటలకల్లా. ఎందుకో చెబుతాను. అక్కడ అందరూ చూసేది గడియారం. గంట కొట్టే వేళకి చిన్న తలుపు తీసుకుని గడ్డం బొమ్మ ఒకటి బయటికి వచ్చి, గంట ఎన్నయితే అన్నిసార్లు కొట్టి లోపలికి పోతుంది. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు కాబట్టి ఆ వేళకి జనం ఎక్కువ. అందరూ ఆ ఒక్క బొమ్మ కోసమే ఫోన్లు ఎత్తి పట్టుకుంటారు. పక్కన ఇంకో చిన్న కమ్మరి బొమ్మ ఉంది, క్షణానికొకసారి సుత్తితో కొడుతూనే ఉంటాడు. పాపం అతన్ని ఎవరూ చూడరు. మీరు పదిన్నరకి లోపలికి వెళితే పదకొండు గంటల దెబ్బలకి ముందు వరసలో నిలబడొచ్చు. తర్వాత మేలిముసుగు రెబెక్కా. పాలరాతిని ఇటలీ శిల్పి బెంజోనీ అలా చెక్కాడు, తడి గుడ్డ ముఖానికి అంటుకున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత ఒకే దుంగకి ముందు మగవాడు, వెనక ఆడపిల్ల ఉన్న కొయ్య బొమ్మ. దాని వెనక అద్దం పెట్టారు, రెండూ ఒకేసారి కనిపిస్తాయి. ఈ మూడూ చూసి, కత్తుల గది ఒకటి చూసి బయటపడండి. అన్నీ చూడాలని పట్టుబడితే కాళ్ళు మ్యూజియంలోనే అయిపోతాయి.

మధ్యాహ్నం భోజనానికి మదీనా చౌరస్తా దగ్గర షాదాబ్ హోటల్ ఉంది, ఆ చుట్టుపక్కల ఇంకా చాలా హోటళ్ళున్నాయి. బిర్యానీ సంగతి ఒకటి. మనిషికొకటి చెప్పకండి, ఒక్క ప్లేటు ఎంత వస్తుందో చూసి తర్వాత చెప్పండి. ఇద్దరికి సరిపోయేంత పెట్టే చోట్లు చాలా ఉన్నాయి. ఇక్కడి దమ్ బిర్యానీలో పచ్చి మాంసం మసాలా పట్టించి అడుగున వేస్తారు, దాని మీద సగం ఉడికిన బియ్యం, మూతకి పిండి అతికించి మగ్గబెడతారు. అందుకే తెల్ల అన్నం, పచ్చ అన్నం, మసాలా అన్నం మూడూ ఒకే ప్లేట్లో ఉంటాయి. గోదావరి జిల్లాల మసాలా బిర్యానీ నాలుకలకి మొదటి ముద్ద చప్పగా అనిపిస్తుంది. కాస్త మిర్చీ కా సాలన్ (పక్కన ఇచ్చే మిరపకాయల కూర) కలుపుకుని, కింది నుంచి తీసి తినండి, అప్పుడు మాట్లాడుకుందాం. తీపికి ఖుబానీ కా మీఠా (ఆప్రికాట్ పళ్ళతో చేసేది) చెప్పండి.

తిన్నాక పత్తర్‌గట్టి మీదుగా నడుచుకుంటూ చార్ కమాన్ దాటితే ఎదురుగా చార్మినార్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. పైకి వెళ్ళే మెట్లు ఇరుకు, గుండ్రంగా తిరుగుతాయి, చీర కుచ్చిళ్ళు జాగ్రత్త. 15 ఏళ్ళలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు. ఇది చార్మినార్‌కే కాదు, పురావస్తు శాఖ చూసుకునే గోల్కొండకీ వర్తిస్తుంది.

దిగాక పడమటి వైపు లాడ్ బజార్, గాజుల వీధి. రాకముందే ఇంట్లో ఆడవాళ్ళందరి గాజుల సైజులు రాసుకోండి, రెండు-నాలుగా, రెండు-ఆరా, రెండు-ఎనిమిదా అని. ఫోన్ చేసి అడుగుదామంటే ఆ గోలలో వినపడదు. లక్క గాజులు చేసే చోట కాసేపు నిలబడండి. నిప్పుల మీద లక్కని మెత్తబరచి, తీగలా సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరేలోపు ఒక్కొక్క రాయినీ అతికిస్తారు. 2024లో వీటికి జీఐ గుర్తింపు, అంటే ఈ ఊరి సరుకే అన్న ముద్ర, కూడా వచ్చింది. కొన్నాక ఎండలో కారులో వదిలేయకండి, లక్క కదా, మెత్తబడుతుంది. బేరం మొహమాటపడకుండా చేయండి. చెప్పిన దాంట్లో సగం దగ్గర మొదలుపెట్టి, ముఖం చూసుకుంటూ పెంచండి.

ముత్యాలకి పత్తర్‌గట్టి, చార్ కమాన్ దుకాణాలే నయం, బిల్లు తీసుకోండి. రోడ్డు మీద "ఓన్లీ టూ హండ్రెడ్ మేడం" అని వెంటపడే దండల జోలికి పోవద్దు. మా వదిన ఒకటి కొంది. మూడోసారి వేసుకునేసరికి పూసల రంగు మెడకి అంటింది. రెండు ముత్యాల్ని ఒకదానికొకటి నెమ్మదిగా రుద్ది చూడండి. అసలువైతే సన్నటి ఇసక తగిలినట్టు గరగరలాడతాయి, గాజు పూసలైతే జారిపోతాయి.

సాయంత్రం చాయ్. చార్మినార్ పక్కనే నిమ్రా కేఫ్ ఉంది, నిలబడి తాగాలి. ఇరానీ చాయ్ అంటే మన ఇంట్లోలా పాలూ నీళ్ళూ పొడీ కలిపి మరగబెట్టేది కాదు. డికాక్షన్ మూతపెట్టి ఒకవైపు మగ్గుతుంది, పాలు ఇంకోవైపు చిక్కగా కాగుతాయి. కప్పులో రెండూ కలుస్తాయి. ఉస్మానియా బిస్కెట్ ముంచితే రెండు లెక్కపెట్టి తీసేయండి. మూడు లెక్కపెడితే సగం కప్పులో ఉంటుంది. చెంచా అడగడానికి సిగ్గుపడక్కర్లేదు, ఇక్కడ అందరికీ అయ్యేదే.

చౌమహల్లా ప్యాలెస్ ఇక్కడికి దగ్గరే. ఓపిక మిగిలితే చాయ్‌కి ముందే ఒక చుట్టు వేయండి. ఖిల్వత్ దర్బారులో వేలాడే షాండ్లియర్లు చూసి రావచ్చు. ఓపిక లేకపోతే బాధపడకండి.

రెండో రోజు: గోల్కొండ

పొద్దున తొమ్మిదికల్లా గేటు దగ్గర ఉండాలి. మెహదీపట్నం నుంచి బస్సులు, ఆటోలు ఉంటాయి. మెట్రోలో వచ్చేవాళ్ళు లక్డీకాపూల్‌లోనో రాయదుర్గంలోనో దిగి ఆటో మాట్లాడుకోండి. సుమారు 360 మెట్లు. మనిషికొక నీళ్ళ సీసా, టోపీ, జారని చెప్పులు. పైకి వెళ్ళే మెట్ల దారి ఒకటి, దిగి వచ్చే దారి ఇంకొకటి. పిల్లలు తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే చెప్పుకోండి.

లోపలికి అడుగు పెట్టగానే గుమ్మటం కింద చప్పట్లు కొడతారు, ఆ చప్పుడు కొండ మీద, కోటలో అన్నిటికంటే ఎత్తున ఉన్న బాలాహిస్సార్‌లో వినపడుతుంది. శత్రువులు వస్తే కబురు అందడానికి అలా కట్టారని చెబుతారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఉంటే దీన్ని వాడుకోవచ్చు. మా అత్తగారు ఎక్కలేనని కింద కూర్చున్నారు. "మీరు పైకి చేరాక ఫోన్ చేయండి, చప్పట్లు కొడతాను" అన్నారు. తీరా పైకి వెళ్ళి ఫోన్ చేస్తే అప్పటికే కింద రెండు స్కూళ్ళ పిల్లలు దిగారు, కోట మొత్తం చప్పట్లే. "ఏది మీదో తెలియట్లేదు" అంటే, "నాది గాజుల చప్పుడుతో వస్తుంది, సరిగ్గా వినండి" అన్నారు. విన్నామనే చెప్పాం.

పైకి వెళ్ళే దారిలో రామదాసు బందిఖానా వస్తుంది. దాటి పోకండి. పాల్వంచ పరగణా తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న భద్రాచలంలో గుడి కట్టించినందుకు అప్పటి గోల్కొండ సుల్తాను తానీషా ఆయన్ని పన్నెండేళ్ళు ఇక్కడే బంధించాడని చెప్పుకుంటాం కదా, ఆ చోటు. లోపల చీకటి, గోడ మీద దేవుడి రూపాలు చెక్కి ఉంటాయి. బయట ఎండలో అరుస్తూ పరిగెత్తే పిల్లలు కూడా ఇందులోకి రాగానే గొంతు తగ్గిస్తారు. ఇంకా పైకి వెళితే జగదాంబ మహంకాళి గుడి. ఆషాఢంలో ఊరంతా జరిగే బోనాలు మొదలయ్యేది ఇక్కడే.

మధ్యాహ్నం ఎండ ఎక్కకముందే దిగి, దగ్గరే ఉన్న కుతుబ్ షాహీ సమాధులకి వెళ్ళండి. తోటలో చెట్లున్నాయి, నీడ ఉంది, చప్పట్లు లేవు. నాకైతే కోటకంటే ఇదే ఇష్టం. ఆ వంశం రాజుల్లో ఆఖరివాడైన తానీషా సమాధి మాత్రం ఇక్కడ ఉండదు. 1687లో ఔరంగజేబు ఎనిమిది నెలల ముట్టడి తర్వాత కోట పట్టుకుని అతన్ని తీసుకుపోయాడు. రామదాసుని బంధించినవాడు తానూ దౌలతాబాద్ కోటలో ఖైదీగానే పోయాడు.

సాయంత్రం గోల్కొండలో సౌండ్ అండ్ లైట్ షో చూడాలనుకుంటే ఆ రోజు ఏ భాషలో ఉందో అడిగి టికెట్ తీసుకోండి. దోమల మందు రాసుకుని వెళ్ళండి.

మూడో రోజు: మెట్రో దారిన

అలసిపోయి ఉంటారు కాబట్టి ఈ రోజు తేలిగ్గా. పొద్దున బిర్లా మందిర్. అసెంబ్లీ స్టేషన్‌లో దిగి కొండెక్కాలి. ఫోన్లు లోపలికి రానివ్వరు, కౌంటర్‌లో ఇచ్చేసి టోకెన్ జాగ్రత్త చేసుకోండి. మధ్యాహ్నం గుడి మూస్తారు, ఆలోపే దర్శనం చేసుకోండి. మధ్యాహ్నం పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. పిల్లలకి దాని ముందు సాలార్‌జంగ్ గడియారం కూడా దిగదుడుపే.

ఎండ తగ్గాక హుస్సేన్ సాగర్. లుంబినీ పార్కు నుంచి పడవలో బుద్ధుడి దగ్గరికి వెళ్ళొచ్చు. 58 అడుగుల ఏకశిల, భువనగిరి దగ్గర రాయగిరి రాయి. 1990 మార్చి 10న పడవ మీద తీసుకెళ్తుంటే ఒరిగి నీళ్ళలో పడిపోయింది, మనుషులు కూడా పోయారు. రెండున్నరేళ్ళ పైన చెరువు అడుగునే ఉంది. 1992 డిసెంబర్ 1న పైకి తీశారు. పడవ దిగాక ట్యాంక్‌బండ్ మీద నెమ్మదిగా నడవండి. తెలుగు పెద్దల విగ్రహాలు వరసగా ఉంటాయి: మొల్ల, వేమన, పోతన... నిన్న కోటలో విన్న కథలోని ఇద్దరూ, రామదాసూ తానీషా, ఇక్కడ ఒకే గట్టు మీద నిలబడి ఉన్నారు. పిల్లల్ని వెతకమనండి, అరగంట మీకు విశ్రాంతి.

ఫిల్మ్ సిటీకి వెళ్ళాలంటే ఈ మూడు రోజుల్లో ఒకదాని ప్లాను వదులుకుని రోజు మొత్తం దానికే ఇవ్వండి. సగం రోజుకి అది దండగ, మామయ్యని అడిగితే చెబుతారు. ఎల్బీనగర్ వైపు నుంచే వెళ్ళాలి. విజయవాడ బస్సులో తిరుగు ప్రయాణం ఉంటే ఆఖరి రోజు పెట్టుకోవడం బాగుంటుంది, ఎందుకంటే అది మీ దారిలోనే ఉంది. కేబుల్ బ్రిడ్జి రాత్రి దీపాలకే అందం. దుర్గం చెరువు మెట్రోలో దిగండి. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య అటు రోడ్డు మీద పోవాలనుకోకండి, ఆఫీసులు వదిలే వేళ.

తిరుగు ప్రయాణం

రైలు టైముకి రెండు గంటల ముందు ఇంట్లోంచి కదలండి. సాయంత్రం బండి అయితే, వాన పడుతుంటే ఇంకో గంట ముందు. బిస్కెట్లు ఆఖరి రోజు కొనండి, రెండో రోజే కొంటే లాడ్జిలోనే అయిపోతాయి. అట్టపెట్టెలో అలాగే బ్యాగులో తోస్తే ఊరు చేరేసరికి పొడి అవుతుంది. వచ్చేటప్పుడు మాకోసం సున్నుండలు తెచ్చిన స్టీలు డబ్బా ఖాళీగానే ఉంటుంది కదా, అందులో సర్దండి.